మోకాలు దాటని పైబట్ట: మెక్సికోలో ఆరు రోజులు

మొదటి రోజు, మంగళవారం

మెక్సికో నగరపు పాతబస్తీలో పినో సువారెస్ అనే వీధి ఉంది. ఆ వీధిలో ఒక పాత ఆసుపత్రి దగ్గరి ఫలకం, 1519 నవంబరు 8న స్పెయిన్ సేనాని కోర్తెస్, అజ్టెక్ చక్రవర్తి రెండవ మోక్తెసూమా తొలిసారి ఎదురుపడింది ఇక్కడేనని చెబుతుంది. బసలో సామాను పెట్టి నేరుగా అక్కడికే నడిచాను. ఆ కలయిక గురించి చరిత్రకారులు ఎన్నో పుటలు రాశారు గాని, నన్ను ఇంత దూరం రప్పించింది అందులోని ఒక చిన్న వివరం. తనకు స్వాగతం చెప్పడానికి వచ్చిన దాదాపు రెండు వందల మంది దొరలూ వట్టి కాళ్లతో నడిచారని, మోక్తెసూమాకు చెరొక వైపు చేయి ఆసరా ఇచ్చిన ఇద్దరు ప్రభువులూ, ఆయనా ఒకే తీరు బట్టలు కట్టుకున్నారని, ఆ ముగ్గురిలో ఆయన పాదాలకు మాత్రమే చెప్పులు ఉన్నాయని కోర్తెస్ తన రాజుకు రాసిన లేఖలో చెప్పాడు. కొత్తగా వచ్చిన పరదేశికి కూడా మొదటి చూపులోనే ఎవరు ఎవరో తెలిసిపోయేటట్లు ఆ సమాజం తన ఒంటి మీద తన అంతస్తును రాసుకుంది.

మాది మంగళగిరిలో నేత ఇల్లు. గుంట మగ్గం చప్పుడు వింటూ పెరిగిన నాకు, ఏ దేశపు పాత బొమ్మ చూసినా అందులోని మనుషుల ముఖాల కంటే ముందు వాళ్ల బట్ట మీదికే కన్ను పోతుంది. ఆ బట్ట నేసింది ఎవరు, కట్టుకున్నది ఎవరు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అజ్టెక్ సమాజం విషయంలో ఆ ప్రశ్నకు దొరికే జవాబు చాలా స్పష్టంగా, కొంత బాధగా కూడా ఉంటుందని ఇక్కడికి రాకముందే చదివి తెలుసుకున్నాను.

సాయంత్రం సోకాలో మైదానం పక్కన కూర్చొని, దియెగో దురాన్ అనే క్రైస్తవ సన్యాసి 16వ శతాబ్దిలో నమోదు చేసిన శాసనాలను మరొకసారి చదువుకున్నాను. 1440 నుంచి 1469 వరకు పాలించిన మొదటి మోక్తెసూమా చేసినవిగా చెప్పే ఆ శాసనాల ప్రకారం, సామాన్యులు నూలు బట్ట కట్టరాదు. కిత్తనార బట్ట మాత్రమే కట్టుకోవాలి. భుజం మీద ముడివేసుకునే పైబట్ట, అంటే టిల్మాత్లి, మోకాలు దాటి కిందికి దిగరాదు. దిగితే మరణశిక్ష. ఒక్క మినహాయింపు ఉంది: యుద్ధంలో కాళ్లకు గాయాలైనవాడు ఆ మచ్చలను కప్పుకోవడానికి పొడుగు బట్ట కట్టుకోవచ్చు. రాజభవనంలో చెప్పులతో తిరిగే హక్కు రాజుకు, ఆయన ప్రధానికి ఉంది. మహావీరులలో కొందరికి అనుమతి మీద దొరుకుతుంది. పెదవికి, ముక్కుకు, చెవులకు బంగారం, రత్నాలు పెట్టుకోవడం కులీనుల సొత్తు.

ఈ జాబితాలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ గాయాల మినహాయింపు. ఒక మనిషి నడిచి వస్తుంటే అతని బట్ట అంచు మోకాలికి ఎంత కిందుగా ఉందో చూడాలి, ఉంటే ఆ బట్ట ఎత్తి కింద మచ్చ ఉందో లేదో చూడాలి. రాజ్యం కోసం కత్తివేటు తిన్న చర్మానికి జానెడు బట్ట ఎక్కువ దక్కుతుంది. దురాన్ ఆ రోజులకు వంద సంవత్సరాల తరువాత రాశాడు కాబట్టి, అవన్నీ అక్షరాలా అమలయ్యాయని నేను అనుకోవడం లేదు. అయినా పాలకులు ఏం కోరుకున్నారో తెలియడానికి ఆ మాటలు చాలు.

రెండవ రోజు, బుధవారం

ఉదయం టెంప్లో మాయోర్‌కు, అంటే అజ్టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్ ప్రధాన ఆలయ శిథిలాలకు వెళ్లాను. 1978 ఫిబ్రవరిలో విద్యుత్ శాఖ కార్మికులు తవ్వుతుండగా ఇక్కడ ఒక గుండ్రని శిల బయటపడింది. అడ్డంగా మూడు మీటర్లకు పైగా ఉన్న ఆ శిల మీద, తమ్ముడి చేతిలో హతమై ముక్కలుగా పడి ఉన్న కొయొల్‌షౌకి అనే దేవత ఉంది. చూసేవాళ్లందరూ తెగిన చేతులను, కాళ్లను చూస్తున్నారు. నేను ఆమె ఒంటి మీద ఏముందో చూశాను. తలకు ఈకలు, చెవులకు ఆభరణాలు, నడుముకు పామును కట్టిన పటకా ఉన్నాయి. లంగా లేదు, రవిక లేదు. ఓడినవాళ్లను శిల్పంలో చూపించేటప్పుడు మొదట తీసేది బట్టనే. బట్టే అంతస్తు అయిన చోట, బట్ట ఊడదీయడం కంటే పెద్ద అవమానం ఉండదని ఆ శిల్పికి తెలుసు.

మ్యూజియం లోపల గద్ద యోధుడి మట్టి విగ్రహం ముందు చాలాసేపు నిలబడ్డాను. మనిషెత్తున్న ఆ యోధుడి ముఖం గద్ద ముక్కు తెరుచుకున్న శిరస్త్రాణంలోంచి కనిపిస్తుంది. చేతులకు రెక్కలు, మోకాళ్ల దగ్గర గోళ్లు ఉన్నాయి. పుట్టుకతో వచ్చే కులీనులను పిపిల్తిన్ అనీ, పొలం సాగుచేసి పన్ను కట్టే సామాన్యులను మాసెవాల్తిన్ అనీ పిలిచేవారు. ఆ రెండింటి మధ్య గోడలో యుద్ధం ఒక సన్నని సందు తెరిచింది. 1541 ప్రాంతంలో చిత్రించిన మెండోసా చిత్రగ్రంథంలో ఆ సందులోని మెట్లు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. అసలు ప్రతి ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఉన్నా, మెక్సికో ప్రభుత్వ సంస్థ దాని పుటలను అంతర్జాలంలో పెట్టింది కాబట్టి, విగ్రహం పక్కనే నిలబడి ఫోనులో ఆ బొమ్మలు చూడగలిగాను. ఒక బందీని పట్టి తెచ్చిన యువకుడికి పూల నమూనా ఉన్న పైబట్ట దక్కుతుంది. ఇద్దరిని తెచ్చినవాడికి సూదిమొన టోపీ ఉన్న ఒళ్లంతా కప్పే యుద్ధవేషం వస్తుంది. నలుగురిని తెచ్చినవాడు పులి మచ్చల వేషం వేసుకుంటాడు. ఈ బట్టలను చక్రవర్తి పండుగ సభలలో అందరూ చూస్తుండగా ఇస్తాడు. అంగడిలో కొనుక్కొని వేసుకునే వీలు లేదు. ఇంకా ఎవరినీ పట్టని కుర్రవాడు తల వెనుక పెంచిన జుట్టు పిలకతోనే తిరగాలి. ఊళ్లోని ఆడపిల్లలకు కూడా వాడు ఇంకా ఏమీ సాధించలేదని ఆ పిలక చెబుతూ ఉంటుంది.

ఈ నేలలో బట్ట మిగలడం చాలా అరుదు; తేమ అంతటినీ తినేస్తుంది. అందుకే 2000లో ఇక్కడే తవ్విన 102వ సంఖ్య నైవేద్యపు గుంతను గురించి నేత ఇంటి మనిషిగా నాకు చెప్పలేని సంతోషం. వానదేవుడు త్లాలోక్ పూజారి ధరించే చేతులు లేని అంగీ, చెట్టు బెరడు కాగితంతో చేసిన వస్త్రాలు అందులో పాడుకాకుండా దొరికాయి. ఐదు వందల ఏళ్ల నాడు ఒక స్త్రీ చేతిలో తిరిగిన పోగు ఇంకా పోగుగానే ఉందన్న మాట.

మూడవ రోజు, గురువారం

చపుల్తెపెక్ ఉద్యానంలో 1964లో తెరిచిన జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో రోజంతా గడిపాను. మెషీకా, అంటే అజ్టెక్కుల మందిరంలో సూర్యశిల చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ పక్కనే ఉన్న తల్లి దేవత కోవాత్లిక్వే పేరుకు 'పాముల లంగా కట్టినది' అని అర్థం. ఆ రాతి లంగాలో పాములు ఒకదానిలోకి ఒకటి దూరి నిజంగానే అల్లికలా కనిపిస్తాయి. దేవతకు పేరు కూడా ఆమె కట్టిన బట్ట నుంచే పెట్టారు. తిసోక్ చక్రవర్తి పేరిట ఉన్న గుండ్రని శిల చుట్టూ పదిహేను జంటలు ఉన్నాయి. ప్రతి జంటలో విజేత ఓడిన ఊరి దేవతను జుట్టు పట్టి వంచుతాడు. మోక్తెసూమాదని చెప్పే పచ్చని ఈకల కిరీటపు నకలును కూడా చూశాను. అసలుది వియన్నాలో ఉంది. ఇది 1940లో చేసింది.

అక్కడి నుంచి జనం లేని ఒక అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లాను. అందులో మధ్యన బెజ్జం ఉన్న మట్టి బిళ్లలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని ఇక్కడ మలకాతె అంటారు; కదురు కిందికి బరువు కోసం తొడిగే బిళ్లలు అవి. కొన్నింటి మీద పూలు, పక్షులు చెక్కి ఉన్నాయి. పెద్దవి, బరువైనవి కిత్తనార వడకడానికి. చిన్నవి, తేలికైనవి పత్తి వడకడానికి. పత్తి పోగు పొట్టిది కాబట్టి బరువు పడితే తెగిపోతుంది. అందుకని చిన్న బిళ్ల తొడిగిన కదురును చిన్న మట్టి గిన్నెలో నిలబెట్టి తిప్పేవారు.

ఈ బిళ్లలే దురాన్ రాసిన శాసనాలకు ఎదురు సాక్ష్యం. 1980లలో పురావస్తు శాస్త్రవేత్త మైఖేల్ ఇ. స్మిత్ నేటి మొరెలోస్ రాష్ట్రంలో కపిల్కో, క్వెష్కొమాతె అనే అజ్టెక్ కాలపు గ్రామాలలో రైతుల ఇళ్లను తవ్వినప్పుడు, పత్తి వడికే చిన్న బిళ్లలు, గిన్నెలు ఇంటింటా దొరికాయి. మెక్సికో లోయ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఈ చలికి పత్తి పండదు. పండేది కిందనున్న వేడి నేలల్లో. అక్కడి సామాన్యుల ఇళ్లలో స్త్రీలు వడికి, నేసి, పన్నుగా కట్టిన నూలు బట్టే రాజధానిలో కులీనుల భుజాల మీదికి ఎక్కింది. మెండోసా గ్రంథపు పన్నుల పుటలలో ప్రతి రాష్ట్రం నుంచి రావలసిన బట్టల బొమ్మలు ఉంటాయి. ఒక్కొక్క బొమ్మ మీద వెంట్రుకల కుచ్చు లాంటి గుర్తు ఉంటే అది నాలుగు వందలు అని లెక్క. పొడవు ఎక్కువగా ఉండవలసిన బట్టల మీద వేళ్ల గుర్తులు గీశారు. పుట తరువాత పుట ఆ కుచ్చులు లెక్కపెడుతూ పోతే చేయి అలసిపోతుంది. ఆ ఒక్కొక్క కుచ్చు వెనుక నాలుగు వందల బట్టలు నేసిన ఆడవాళ్ల నడుములు ఉన్నాయని గుమాస్తా గీతల్లో ఎక్కడా కనిపించదు.

అదే గ్రంథంలో మరొక పుట ఉంది. పుట్టిన బిడ్డ మగవాడైతే డాలు, బాణాలు. ఆడపిల్లైతే కదురు, బుట్ట, చీపురు. నాలుగేళ్ల పాపకు తల్లి వడకడం చూపిస్తుంది, ఆరేళ్లకు పాప తానే వడుకుతుంది, పద్నాలుగేళ్లకు మగ్గం దగ్గర కూర్చుంటుంది. ప్రతి వయసు పక్కన ఆ బిడ్డకు పెట్టవలసిన మొక్కజొన్న రొట్టెల సంఖ్య కూడా ఉంది: నాలుగేళ్లకు ఒకటి, పద్నాలుగేళ్లకు రెండు. దొరసానులు కూడా వడికేవారు, నేసేవారు. నేత రాకపోవడం ఏ ఇంటి ఆడపిల్లకైనా తలవంపే. అయితే దొరసాని నేసింది ఆమె ఇంట్లో కట్టుకోవచ్చు. రైతు భార్య నేసింది మూటగట్టి పోతుంది.

ఈ దేశంలో పుట్టిన పత్తి జాతే ఇవాళ ఆదిలాబాద్ నల్లరేగడిలోనూ, గుంటూరు పొలాల్లోనూ సంకర విత్తనాల రూపంలో పూస్తోంది. రాయలసీమ గట్ల మీది కిత్తనార కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. అద్దాల పెట్టె ముందు నాకు పరాయితనం అనిపించకపోవడానికి అది కూడా ఒక కారణం.

నాలుగవ రోజు, శుక్రవారం

త్లాతెలోల్కో ఇప్పుడు ఎత్తైన నివాస భవనాల మధ్య ఇరుక్కున్న శిథిలాల ఆవరణ. ఇక్కడి సంతకు రోజుకు అరవై వేల మంది వచ్చేవారని కోర్తెస్ రాశాడు. క్వాచ్‌త్లి అనే తెల్లని నూలు బట్ట ఈ సంతలో నాణెంలా చెల్లింది. నాణ్యతను బట్టి ఒక బట్టకు నూరు కకావ్ గింజలు (చాక్లెట్ చేసే గింజలు), ఎనభై, అరవై ఐదు అని మూడు రకాల ధర ఉండేది. ఇరవై బట్టలు ఉంటే ఒక మనిషికి రాజధానిలో ఏడాది గడుస్తుందని ఆనాటి లెక్క. ఇంట్లో ఉన్న నూలు బట్ట డబ్బు అయినప్పుడు, కట్టుకోవద్దన్న శాసనానికి మరొక అర్థం కూడా కనిపిస్తుంది: చేతిలో డబ్బు ఉండవచ్చు, కాని దాన్ని చూపించుకొని తిరగరాదు.

పొచ్‌తెకా అనే దూరదేశపు వర్తకులకు ఇది బాగా తెలుసు. ఇక్కడి శాంతియాగో చర్చి పక్కన 1536లో వెలసిన విద్యాలయంలో, సహాగున్ అనే సన్యాసి స్థానిక విద్యార్థులతో కలిసి సేకరించిన వివరాలలో వాళ్ల సంగతి వస్తుంది. ఏళ్ల తరబడి తిరిగి ఈకలు, పచ్చలు, మేలి బట్టలు తెచ్చిన వర్తకుడు రాత్రి చీకట్లో పడవ మీద ఊళ్లోకి వచ్చేవాడు. సరుకును బంధువు ఇంట్లో దించి, అది తనది కాదనేవాడు. మరునాడు చిరిగిన కిత్తనార పైబట్టతో వీధిలో తలవంచుకొని నడిచేవాడు. కులీనుడి కంటే ఎక్కువ సంపద ఉండి కూడా కులీనుడు కాని మనిషికి, ఆ ముతక బట్టే కవచం. రాజు దగ్గర పరిస్థితి ఇంకా విచిత్రం: రెండవ మోక్తెసూమా ఎదుటికి వెళ్లే గొప్ప దొరలు సైతం తమ విలువైన పైబట్టలు బయట విప్పి, తక్కువ వెల గల శుభ్రమైన బట్ట కట్టుకొని, చెప్పులు విడిచి, కళ్లు దించుకొని లోపలికి పోయేవారని, అక్కడ ఉండి చూసిన స్పెయిన్ సైనికుడు బెర్నాల్ దియాస్ రాశాడు. ఎంత పెద్దవాడైనా ఆ గుమ్మం దగ్గర సామాన్యుడి వేషం వేసుకోవాలి.

మధ్యాహ్నం తెపెయాక్ కొండ దిగువన ఉన్న గ్వాదలూపె మాత ఆలయానికి వెళ్లాను. 1531లో మాత అజ్టెక్కుల భాష మాట్లాడే నావా జాతికి చెందిన ఒక పేద మనిషికి, హువాన్ దియెగోకు, దర్శనమిచ్చిందని, అతని పైబట్ట మీద ఆమె రూపం వెలసిందని భక్తుల విశ్వాసం. ఆ బట్టను బలిపీఠం వెనుక గోడ మీద ఎత్తుగా అమర్చారు. కింద కదిలే పట్టీల మీద నిలబడి జనం తలెత్తి చూస్తూ వెళతారు. నేను మూడు సార్లు వెళ్లాను. సంప్రదాయం చెప్పేదాని ప్రకారం అది కిత్తనార బట్ట, ముతక అల్లిక. మాసెవాల్తిన్ కట్టుకోవలసినదని శాసనం చెప్పిన బట్ట. దొరల మయిల్‌తుత్తం రంగు నూలు పైబట్టలు, ఈకల అంచులు, కుందేలు బొచ్చు నేతలు అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఈ దేశం మోకాళ్ల మీద నడిచి వచ్చి మొక్కుతున్నది కూలివాడి పైబట్టకు. పక్కన ఒక ముసలామె తన మనవడిని ఎత్తుకొని, చేయి చాపి ఆ బట్ట వైపు చూపిస్తోంది. నాకు కళ్లు చెమర్చాయి.

ఐదవ రోజు, శనివారం

పొద్దున్నే తూర్పు బస్టాండు నుంచి ప్వెబ్లా రాష్ట్రపు ఉత్తర కొండల్లోని క్వెట్సాలాన్‌కు బయలుదేరాను. దారి ఆరు గంటలు పట్టింది. పీఠభూమి మీద కిత్తనార వరసలు కనిపించినంత సేపు కనిపించి, తరువాత మంచు, ఆ తరువాత కాఫీ తోటలు వచ్చాయి. ఊరు చేరేసరికి వాన పడుతోంది.

ఆరవ రోజు, ఆదివారం

ఆదివారం సంత చర్చి ముందరి మెట్ల వీధుల్లో తెల్లవారకముందే మొదలైంది. ఇక్కడి వాళ్లు నేటికీ నావాత్ మాట్లాడతారు. అజ్టెక్కుల భాషకు అది చెల్లెలి వరస. స్త్రీలు తెల్లని లంగా మీద తెల్లని కెచ్‌కెమిత్ల్ వేసుకుంటారు. రెండు పొడవు ముక్కలను కలిపి కుట్టి, మెడ మీదుగా దించుకుంటే ముందు వెనుక ముక్కోణంగా వేలాడే బట్ట అది. అజ్టెక్ రాజధానిలో దాన్ని దేవతలకు, పూజా సమయాల్లో దేవత వేషం వేసినవాళ్లకు వేసేవారు. ఇక్కడ కూరగాయలు అమ్మే అవ్వ ఒంటి మీద అదే ఉంది.

నాకు దారి చూపించిన స్థానిక యువతి తన అత్త ఇంటికి తీసుకువెళ్లింది. అత్త వాకిట్లో దూలానికి పడుగు ఒక కొస కట్టి, రెండవ కొసను తోలు పట్టాతో తన నడుముకు తగిలించుకొని నేల మీద కూర్చుంది. మా గుంట మగ్గంలో పడుగును బిగపట్టేది కొయ్య. ఇక్కడ ఆమె వెన్నే. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. పేకను నునుపైన కత్తి లాంటి చెక్కతో కొడుతోంది. పక్క పక్క పోగులను మెలితిప్పి పేకను పోనిచ్చే జాలి నేత అది. వెలుతురుకు పట్టి చూస్తే దోమతెరలా ఉంటుంది.

"అత్తగారూ, వీరి ఇంట్లో కూడా నేతే అట" అని ఆ అమ్మాయి చెప్పగానే, ఆమె చేతులు ఆపి నా అరచేతులు పట్టుకొని తిప్పి చూసింది. మా నాన్నగారి నేతను గురించి చెప్పాను. ఆడవాళ్లు కూడా నేస్తారా అని అడిగింది. నేస్తారన్నాను.

ఆమె మగ్గం దగ్గర కూర్చొని చూస్తుండగా నాకు ఒక సంగతి స్పష్టమైంది. నడుము మగ్గం మీద బట్ట వెడల్పు నేసే మనిషి చేతుల చాపును మించదు, నాలుగు వైపులా అంచుతోనే దిగుతుంది, దాన్ని కత్తిరించరు. దొరకైనా కూలికైనా బట్ట ఆకారం ఒకటే, దీర్ఘ చతురస్రం. కోతలో, కుట్టులో తేడా చూపించే వీలు లేనప్పుడు, తేడా అంతా పోగులోనూ, పొడవులోనూ, అంచులోనూ చూపించాలి. అందుకే ఆ శాసనాలు పోగు ఏదో, మోకాలు ఎక్కడో అంత పట్టుగా చెప్పాయి.

ఆమె నేసిన కెచ్‌కెమిత్ల్ ఒకటి కొన్నాను. ఎన్ని రోజులు పట్టిందని అడిగితే, వంట, కాఫీ కోత, కోళ్లు అన్నీ చూసుకుంటూ నెలకు పైగా అని చెప్పింది. చెప్పిన ధరకు ఒక్క పెసో తగ్గించమని అడగలేదు.

బస్సు ఎక్కే ముందు సంతలో ఒక పెద్దాయన కాఫీ గింజల మూట దించుతూ కనిపించాడు. తెల్లని నూలు చొక్కా, చీలమండల దాకా దిగిన తెల్లని నూలు పంట్లాం, కాళ్లకు తోలు చెప్పులు. వీపు మీద కిత్తనార సంచి, నుదుటికి దాని పట్టీ. తూకం అయ్యాక డబ్బు లెక్క చూసుకొని, ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకొని, మెట్లు ఎక్కి చర్చి వైపు వెళ్లాడు.